సీసాలో తెల్లరొయ్య

పోయిన వేసవిలో మా చెల్లెలి మనవరాలు, కొవ్వూరులో వాళ్ళ మేడ మీద గది కడుతున్నారని, ఆ సుత్తిదెబ్బల మధ్య తనకు బుర్ర పనిచేయడం లేదని చెప్పి, ఒక లాప్‌టాపూ నాలుగు జతల బట్టలూ పట్టుకుని ధవళేశ్వరంలో మా ఇంటికి వచ్చి దిగింది. ఎమ్మెస్సీ పూర్తిచేసి డాక్టరేటు సీట్లు వెతుక్కుంటోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కాస్త నడుం వాల్చబోతుంటే, ఆ పిల్ల వచ్చి నా మంచం మీదే చతికిలబడి, లాప్‌టాపు నా వైపు తిప్పి ఒక పట్టిక చూపించింది. ముప్ఫై ఏడుగురు ప్రొఫెసర్ల పేర్లు, వాళ్ళ దేశాలు, వాళ్ళు దేని మీద పనిచేస్తున్నారో ఆ వివరం, దరఖాస్తుకు ఆఖరు తేదీ, ఉత్తరం రాసిందా లేదా, జవాబు వచ్చిందా లేదా, అన్నీ వరసగా ఉన్నాయి. జవాబిచ్చినవాళ్ళకి ఆకుపచ్చ రంగు, ఇవ్వనివాళ్ళకి పసుపు, వద్దన్నవాళ్ళకి ఎరుపు. ప్రతి వరస చివరా ఒకటే మాట, ఫుల్లీ ఫండెడ్. అంటే ఏమిటే అని అడిగితే, ఫీజు వాళ్ళే చూసుకుంటారు, ఉండడానికీ తినడానికీ నెలనెలా జీతంలాగా వాళ్ళే ఇస్తారు, మనం పరిశోధన చేసుకుంటే చాలు అని, అదేదో మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చెప్పేసింది.

నాకు కుళ్ళు పుట్టింది. అసూయ అని రాస్తే మర్యాదగా ఉంటుందని తెలుసు, ముప్ఫై ఏళ్ళకు పైగా ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, మాటల కోసం తడుముకునే మనిషిని కాను. కానీ ఆ మధ్యాహ్నం నాలో పుట్టింది అసూయ అనేంత నాజూకైనది కాదు. సొంత చెల్లెలి మనవరాలు, నా చేతుల మీద పెరిగిన పిల్ల, దాని మొహం చూస్తే ముద్దొస్తుంది, అయినా ఆ పట్టిక చూస్తే కడుపు మండింది. పైకి మాత్రం భేషుగ్గా ఉందే అన్నాను.

ముప్ఫై ఏడు! నా వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు, మన రోజుల్లో ఏడాది పొడుగునా కళ్ళు కాయలు కాచేలా చూస్తే ఒక్క ప్రకటన పడేది, అదీ పేపర్లో లోపలి పేజీలో, టెండరు నోటీసుల మధ్య, అగ్గిపెట్టెంత. అది కనబడాలంటే ఆ రోజు ఆ పేపరు మన కంటపడాలి. కనబడ్డాక దరఖాస్తు టైపు చేయించాలి, మన సర్టిఫికెట్ల నకళ్ళు కూడా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా టైపు చేయించాలి, ఆ నకళ్ళు నిజమైనవేనని మన ముక్కూ మొహం తెలియని గెజిటెడ్ ఆఫీసరెవరైనా ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం ఆఫీసు వరండాల్లో నిలబడి, అయ్యగారు క్యాంపుకెళ్ళారమ్మా, రేపు రండి అనిపించుకోని వాళ్ళు మన తరంలో ఎంతమంది ఉంటారు? నిజానికి నేను అనిపించుకోలేదు. మా నాన్నగారు ఇక్కడే ఆనకట్ట దగ్గర ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా కాబట్టి టైపు మిషనూ ఉండేది, పై గదిలో ఇంజనీరు గారూ ఉండేవారు, పొద్దున్న కాగితాలు పట్టుకెళ్తే సాయంత్రానికి సంతకాలతో తిరిగి వచ్చేవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివాను. మా ఇంట్లో నీచు ముట్టరు. చేపల బజారు పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే మా అమ్మ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, నేనూ అదే నేర్చుకున్నాను. అలాంటిదాన్ని జంతుశాస్త్రం ఎందుకు తీసుకున్నానంటే బొమ్మలు బాగా వేస్తానని. లాబ్‌లో అద్దాల బీరువా నిండా ఫార్మలిన్ పోసిన సీసాలుండేవి, వాటిలో చేపలూ రొయ్యలూ పీతలూ ఏళ్ళ తరబడి నాని నాని రంగంతా పోయి, ఉడకబెట్టిన కోడిగుడ్డు తెలుపులోకి తిరిగిపోయి ఉండేవి. వాటిని చూసి నేను వేసిన బొమ్మలు తరువాతి బ్యాచ్ పిల్లలకు కూడా చూపించేవారు. లాటిన్ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది కాకినాడ. వాళ్ళ నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరిగి అమ్మేది. వాళ్ళ పేటలో డిగ్రీ దాటి చదివిన మొదటి ఆడపిల్ల తనే. ఇద్దరం ఒకే సీసా కొబ్బరినూనె, ఒక సబ్బు, ఒక లాంతరు వాడుకున్నంత దగ్గరి స్నేహితులం, ఆ మాట అబద్ధం కాదు. తన మీద నాకు ప్రేమ ఎంతుండేదో కుళ్ళూ అంతే ఉండేది, అదీ అబద్ధం కాదు. రాతపరీక్షల్లో నాదే మొదటి స్థానం, తనది మూడో నాలుగో. కానీ ఒకనాడు మా మాస్టారు మమ్మల్నందరినీ చేపలరేవుకి తీసుకెళ్ళినప్పుడు, నేను దూరంగా ముక్కు మూసుకుని నిలబడి ఉంటే, తను మోకాళ్ళ మీద కూర్చుని తడి గుట్టలో చెయ్యిపెట్టి, ఇది ఆడది మాస్టారండీ, ఇది గుడ్లు వదిలేసింది, ఇదేమో ఉప్పునీళ్ళలోది కాదు, ఏరు సముద్రంలో కలిసే మొగలో పట్టింది అని ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టింది. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి తను చెప్పిందంతా రాసుకున్నారు. రెండేళ్ళలో నేను చెప్పింది ఆయన ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. నాకు బంగారు పతకం వచ్చిన రోజున కూడా ఆ చిన్న పుస్తకమే కళ్ళ ముందు ఆడింది, ఏం చెప్పమంటారు.

హాస్టలు ఖాళీ చేసిన రోజున ట్రంకు పెట్టెల మీద కూర్చుని ఇద్దరం ఒక మాట అనుకున్నాం. తన ఇంటికి పేపరు రాదు, మా ఇంటికి వస్తుంది. కాకినాడ కాలేజీల నోటీసు బోర్డులు తను చూస్తుంది, ధవళేశ్వరంలో పేపరు నేను చూస్తాను. ఎవరికి పరిశోధన ప్రకటన కనిపించినా వెంటనే రెండో మనిషికి ఒక కార్డు ముక్క రాయాలి. అంతే, దానికి ఒట్లూ గిట్లూ పెట్టుకోలేదు, అవసరం అనిపించలేదు.

ఆ ఏడాది వానలు మొదలవుతున్న రోజుల్లో ఆ ప్రకటన పడింది. సముద్రపొడ్డున ఉన్న ఒక పరిశోధన సంస్థ, రొయ్యల మీద పని, డాక్టరేటు చేసుకోవచ్చు, నెలనెలా స్టైపెండు, ఉండడానికి హాస్టలు. నేటి పిల్లల భాషలో చెప్పాలంటే ఫుల్లీ ఫండెడ్, ఆఖరు తేదీకి మూడు వారాలు గడువు. వెంటనే కార్డు తీసి, పైన కాకినాడ అడ్రసు రాసి, లోపల ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాను. అక్కడ కలం ఆగిపోయింది. రొయ్యల మీద పని అన్న మాట దగ్గర నాకు మళ్ళీ మాస్టారి జేబులోని పుస్తకం కనిపించింది. తను పెట్టుకుంటే తనకే వస్తుంది, నన్నెవరు చూస్తారు అనిపించింది. రేపు రాద్దాంలే అనుకుని ఆ కార్డును నిఘంటువులో దాచాను. ఆ రేపు ఎల్లుండి అయింది, ఎల్లుండి వారమైంది. రాయనని నేను ఏ రోజూ అనుకోలేదు సుమండీ, రేపు రాద్దామనే అనుకున్నాను. చేసిన దానికంటే ఈ మాట నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేస్తుంది.

ఈలోగా నా దరఖాస్తు మాత్రం తయారైపోయింది. నాన్నగారు ఆఫీసులో టైపు చేయించారు, ఇంజనీరు గారి సంతకాలు వచ్చాయి. మా అమ్మ శుభలేఖకు రాసినట్టు కవరు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. తడి ఆరకముందే మా నాన్నగారు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పోస్టాఫీసుకు పట్టుకెళ్తే ఆ పసుపు మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు, పనైతే చొక్కా పోతే పోయిందిలే అని ఆయన నవ్వేవారు.

గడువు ఇంక ఆరు రోజులుందనగా కాకినాడ నుంచి నాకొక కవరు వచ్చింది. విప్పితే లోపల ఆ ప్రకటన. పేపరులోంచి కత్తిరించింది కాదు, చేత్తో చింపింది, ఒక పక్క తడిసి ఆరి గరుకెక్కి ఉంది. ఎవరో చేపలు పొట్లం కట్టించుకోవడానికి తెచ్చిన పాత పేపర్లో తనకు అది కనిపించిందట. వాళ్ళమ్మకు విషజ్వరం వచ్చి మంచం మీద ఉందట, రెండు వారాలుగా బుట్ట తనే ఎత్తుతోందట. నకళ్ళు టైపు చేయించి, ఆఫీసరు సంతకాల కోసం తిరిగేసరికి తనకు గడువు దాటిపోతుంది కాబట్టి నన్నైనా పెట్టుకోమని రాసింది. కింద రాసిన రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. “నీకు కనిపించి ఉంటే నాకు రాసేదానివే కదా. రాయలేదంటే నువ్వు చూడలేదన్న మాట, అందుకని పంపుతున్నాను.”

ఆ కాగితం నీచువాసన వేసింది. జీవితంలో మొదటిసారి నేను ముక్కు మూసుకోలేదు. ఆరు రోజులు, ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. సర్టిఫికెట్లు తీసుకుని వచ్చెయ్యి అని ఒక్క టెలిగ్రాం ఇస్తే, కాకినాడలో పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి మా ఇంట్లో ఉండేది. సాయంత్రానికి టైపు అయిపోయేది, ఇంజనీరు గారు కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవారు, మర్నాడు తిరిగి వెళ్ళిపోయి బుట్ట ఎత్తుకునేది. ఇదంతా నాకు ఆ కవరు చేతిలో ఉండగానే తోచింది, పదేళ్ళ తరువాత తోచింది కాదు. తోచినా కూడా కలం తీసి, ఇప్పుడే చూశాను, ఎంత మంచి పని చేశావే, నేను పెడుతున్నాను అని రాసి పోస్టు చేశాను. ఈ ఉత్తరానికి మాత్రం రేపటిదాకా ఆగలేదు.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. నాన్నగారు కూడా వచ్చారు, బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపల నలుగురు పెద్దలు. లాటిన్ పేర్లడిగితే గడగడా చెప్పాను, బొమ్మ వేయమంటే వేశాను, వాళ్ళు ఒకరినొకరు చూసుకుని తలలూపారు, నాకు సీటు వచ్చేసినట్టే అనిపించింది. అప్పుడు అటెండరు ఒక పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో అప్పుడే పట్టుకొచ్చిన రొయ్య ఒక్కటి, ఇంకా కాళ్ళాడిస్తోంది. ఇదేమిటమ్మా అన్నారు. దానికి రంగుంది! వెన్ను మీద సన్నని గోధుమరంగు చుక్కలు, తోక రెక్కలు లేత ఆకుపచ్చ, వాటి అంచున ఎరుపు, పొడుగాటి పసుపు మీసాలు. నా సీసాల్లో అలాంటిది ఏదీ లేదు. నాకు తెలిసిన రొయ్యలన్నీ తెల్లగా, వంకరగా, చలనం లేకుండా ఉంటాయి. తడుముకుని ఒక పేరు చెప్పాను. పెద్దాయన దాన్ని చేత్తో పట్టుకుని చూడమన్నారు. పట్టుకోబోతే అది ఎగిరి బల్ల మీద పడింది, నేను కెవ్వుమన్నాను. వాళ్ళు నవ్వలేదు, నవ్వినా బాగుండేది.

నెల తరువాత ఉత్తరం వచ్చింది, నాకు సీటు రాలేదని. మా మాస్టారి ద్వారా తెలిసిందేమిటంటే, ఒక సీటు ఎవరో మద్రాసు అబ్బాయికి ఇచ్చారట, రెండోదానికి తగినవాళ్ళు దొరకలేదని ఖాళీగా వదిలేశారట. నాకు రాలేదని తనకు కార్డు రాశాను, ఎందుకు రాలేదో రాయలేదు. తను జవాబు రాస్తూ వాళ్ళను నాలుగు తిట్టింది. తరువాత నేను కాలేజీలో చేరాను, తను కాకినాడలోనే హైస్కూల్లో టీచరుగా చేరి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. పెళ్ళిళ్ళలో రెండు మూడుసార్లు కలిశాం, ఫోన్ నంబరు ఎప్పటినుంచో ఉంది, పండగలకు దండాలు పెట్టే బొమ్మలు పంపుకుంటాం.

ఇక మా మనవరాలి సంగతికి వస్తాను. ఆ పట్టికలో ఒక చలిదేశపు ప్రొఫెసరు మీద దానికి ప్రాణం. మడ అడవుల్లో పీతపిల్లల మీద పని, మన కోరంగి వైపు తను చేసిన ప్రాజెక్టుకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ఉన్నది ఒకే ఒక్క సీటు. ఉత్తరం నా చేత రెండుసార్లు దిద్దించుకుంది. నేను అయ్యా, తమ విధేయురాలిని అని మొదలుపెట్టిస్తే పడీపడీ నవ్వి, వాళ్ళ పేపరు చదివి నాకు వచ్చిన డౌటుతో మొదలుపెట్టాలి అమ్మమ్మా అంది. అదీ ఒక కుళ్ళే, మాకు డౌటు అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు పంపేసి, ఆ వెంటనే ఫోన్ తీసి ఆ ప్రకటననే తనతో చదివిన అమ్మాయికి పంపింది. ఆ అమ్మాయిదీ అదే సబ్జెక్టు, మార్కులు కూడా దీనికంటే ఎక్కువ. నాకు ఒళ్ళు మండి, ఒక్కటే సీటని తెలిసీ దానికెందుకు పంపావే, బుద్ధుందా అని అరిచాను.

ఆ పిల్ల నా వంక వింతగా చూసింది.

“ఏది కనిపించినా పంపుకోవాలని మేమిద్దరం అనుకున్నాం కదా అమ్మమ్మా.”

లేచి వెళ్ళి పొయ్యి మీద లేని పాలు చూసి వచ్చాను.

అయింది, నేను భయపడ్డట్టే అయింది. ఆ సీటు రెండో అమ్మాయికి వచ్చింది. మా పిల్ల ఆ మధ్యాహ్నం దిండులో మొహం పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నేను తల నిమురుతూ కూర్చున్నాను కానీ నా మనసులో ఓదార్పు లేదు, చెప్పానా లేదా అనే పాడు ఆనందం ఇంత ఉంది, అది కూడా దాచను. సాయంత్రం అయిదింటికి అది లేచి మొహం కడుక్కుని, పట్టికలో ఆ వరసకు ఎర్రరంగు వేసి, జడ వేసుకుని, ఆ అమ్మాయికి సూట్‌కేసు కొనాలట అని చెప్పి ఆటో ఎక్కి రాజమండ్రి వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి ఆ ఆటో గట్టు మలుపు తిరిగేదాకా చూశాను. ఆ ఏడుపు చూస్తే నాకు కన్ను కుట్టింది. నాకు సీటు రానప్పుడు నేను ఏడవలేదు. అలా ఏడవడానికి నాకు ముఖం చెల్లలేదు.

మర్నాడు ఉదయం కాఫీ అయ్యాక నిఘంటువు తీశాను. ఉభయకుశలోపరి దగ్గర ఆగిపోయిన కార్డు, చింపిన ప్రకటన, రెండూ అందులోనే ఉన్నాయి. ఫోన్ చేశాను. తను ఎత్తగానే కుశలప్రశ్నలు కూడా లేకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను, ముందే చూశానని, కార్డు మొదలుపెట్టి ఆపానని, ఆరు రోజుల గడువులో కూడా పిలవలేదని, పళ్ళెంలో రొయ్య ముందు పరువు పోయిందని. చెప్పడం అయిపోయింది. వాళ్ళింట్లో కుక్కరు విజిల్ వేసింది, ఎవరో స్టవ్ ఆపారు. తిడుతుందనుకున్నాను, పోనీలేవే అంటుందనుకున్నాను, రెండూ అనలేదు.

“మీసాలు పసుపా ఎరుపా?” అంది.

పసుపు అన్నాను. తోక అంచు ఎరుపేనా అని అడిగింది, అవునన్నాను.

“తెల్లరొయ్యేనే అది. మా అమ్మ బుట్టలో రోజూ ఉండేది.”

ఆ తరువాత మందులు వేసుకునే టైమయింది, ఉంటానని పెట్టేసింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు, ఆ తరువాత వచ్చిన పండక్కి బొమ్మయితే రాలేదు. నేను సీసాలో వందసార్లు చూసి బొమ్మ వేసిన రొయ్యే, బతికుంటే గుర్తుపట్టలేకపోయాను. డెబ్బయ్యో పడిలో ఉన్న మనిషి, చూడకుండా, ఫోన్లో, రెండు ప్రశ్నలతో చెప్పేసింది. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ క్షణాన కూడా నాకు తన మీద కుళ్ళే పుట్టింది.

మా మనవరాలు ఇప్పుడు కొవ్వూరు వెళ్ళిపోయింది, పట్టికలో ఇంకా కొన్ని ఆకుపచ్చ వరసలున్నాయంటుంది. ఆ సూట్‌కేసు పిల్ల చలిదేశం చేరగానే అక్కడి ప్రకటనలు దీనికి పంపడం మొదలుపెట్టిందట. కాలం మారింది, ఈ పిల్లలకు ముప్ఫై ఏడు దారులున్నాయి కాబట్టి ఒకరికొకరు చెప్పుకుంటారు, మాకు ఏడాదికి ఒక్కటే వచ్చేది కాబట్టి దాచుకున్నాం అని నన్ను నేను సముదాయించుకుందామని చాలా చూశాను. కుదరడం లేదు. చేపల పొట్లం కోసం తెచ్చిన ఆ కాగితం ముక్క ఇప్పుడు నా కళ్ళజోడు కింద బల్ల మీద ఉంది, అక్షరాలు ఇంకా చెరగలేదు. పరిశోధక విద్యార్థులు, ఇద్దరు కావలెను అనే వేశారు.